బొప్పాయి పీపాను మా ఊరి నుంచి తీసుకుపోవద్దని మనవి

నావునివి గ్రామం,
సింగటోకా లోయ, ఫిజీ.

పండ్ల వ్యర్థాల నుంచి ఇంధనం తీసే పథకం, లోయ శాఖాధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: మా ఊరి హైడ్రోజన్ పీపాలో సారా కాస్తున్నామన్న ఆరోపణ, దానిపై వచ్చిన జప్తు నోటీసు, తనిఖీ రోజున నేను నోరు విప్పకపోవడం గురించి.

నావునివి గ్రామ కాపురస్థురాలు, ఇసిమెలి భార్య వాసెమాధా వ్రాసుకొను అర్జీ ఏమనగా:

వచ్చే శుక్రవారం లారీ పంపి పీపాను, గ్యాసు నింపే ట్యూబును, పొయ్యిని తీసుకుపోయి నది అవతలి ఊరికి ఇస్తామని తమ కార్యాలయం నుంచి నోటీసు వచ్చియున్నది. ఆ లారీని పంపవద్దని నా ప్రార్థన. అర్జీ ఇక్కడితో అయిపోయినట్టే. కానీ కారణాలను అంకెలు వేసి వ్రాయనిదే అధికారులు చదవరని పాస్టరు గారి భార్య చెప్పారు. నేను బడికి వెళ్లింది కొద్ది ఏళ్లే. నోట్లో నాలుక లేని మనిషినని పేరు కూడా ఉంది. అటువంటి మనిషికి కాగితం దొరికితే ఏమవుతుందో తమరు చూడబోతున్నారు. ముందుగానే మన్నింపు కోరుచున్నాను.

1. పీపా బాధ్యత నాకు సంక్రమించిన విధము. తమ శిక్షకురాలు మా మహిళా సంఘాన్ని కూర్చోబెట్టి, "దీన్ని ఎవరు చూసుకుంటారు?" అని అడిగిన తరుణమున అందరూ తలలు వంచుకొని చాప అల్లిక పరిశీలించసాగారు. నేనూ అదే చేయవలసినది. ఆ విద్యలో ఈ ఊళ్లో నన్ను మించినవారు లేరు. కానీ ఆవిడ చేతిలోని కుళ్లిన బొప్పాయిలోంచి ఒక పురుగు బయటికి వచ్చి ఆవిడ మణికట్టు మీదికి ఎక్కుతుంటే, దాన్నే చూస్తూ తల దించడం మరిచిపోయాను.

"అమ్మయ్య, ఒకరు తల ఎత్తారు!" అన్నారు ఆవిడ.

"దాన్నా? దానికి నోరు లేదమ్మా," అన్నారు మా అత్తగారు.

"ఈ పనికి నోరు అక్కర్లేదండీ. ముక్కు కూడా లేకపోతే ఇంకా మంచిది."

ఈ విధముగా నేను ఎంపిక కాబడితిని.

2. పీపాకు జరిగిన మర్యాద. ఊళ్లోకి కొత్తగా ఎవరు వచ్చినా, ఏది వచ్చినా యంగోనా ఇచ్చి ఆహ్వానించడం మా ఆచారమని తమకు తెలియనిది కాదు. బడికి నీళ్ల ట్యాంకు వచ్చినప్పుడు కూడా ఇచ్చాం. కనుక పీపాకూ చాప పరిచారు. యంగోనా వేరు దంచి, నీళ్లలో పిసికి, పెద్ద గిన్నె నింపారు. మా మామగారు ఊరి తరఫున మాట్లాడే పెద్ద. కోడలిని గనుక వారి పేరు నేను పలకకూడదు. వ్రాయవచ్చునో లేదో తెలియదు. ఆ సంగతి అడగాలంటే వారినే అడగాలి, వారితో నేను మాట్లాడకూడదు. కాబట్టి ఈ అర్జీలో వారు మామగారు గానే ఉంటారు.

మామగారు పీపా ఎదుట కూర్చొని, దూరం నుంచి మా గడపకు వచ్చిన అతిథివి, మా మట్టి నీది, మా బొప్పాయి నీది అని చాలాసేపు చక్కగా మాట్లాడారు. ఆపైన మొదటి కొబ్బరి చిప్ప చేతికి అందగానే ఆగారు.

"అతిథి తాగకుండా మనం తాగితే ఏం బాగుంటుంది?" అని లేచి వెళ్లి ఆ చిప్పను పీపా మూతిలో పోశారు. అందరూ చప్పట్లు చరిచారు. మామగారు పోసినాక మిగతా పెద్దలు ఊరుకుంటారా? ఒక్కొక్కరూ తలా ఒక చిప్ప పోశారు.

అప్పటికే ఆ పొద్దున నేను అందులో బొప్పాయి గుజ్జు, మరిగించిన నది బురద కలిపి ఉంచాను. వద్దని చెప్పవలసిన మనిషిని నేనే. చెప్పవలసింది మామగారికి. ఇక చెప్పినట్టే.

3. తత్ఫలితము. శిక్షకురాలు చెప్పిన ప్రకారం, ఆ బురదలో కంటికి కనబడని జీవులు ఉంటాయి. మరిగిస్తే గ్యాసును తినేసేవి చస్తాయి, గ్యాసును ఇచ్చేవి గింజల్లాగా బిగుసుకొని బతుకుతాయి. గాలి తగలకుండా, వెచ్చగా ఉంచితే అవి లేచి బొప్పాయి తీపిని తిని, పులియబెట్టి, హైడ్రోజన్ వదులుతాయి. మా పీపాలో మాత్రం అవి లేవలేదు. యంగోనా తాగిన మగవాళ్లు ఎట్లా ఉంటారో పీపా అట్లాగే ఉంది. చప్పుడు లేదు, కదలిక లేదు, తడితే పలకదు.

శిక్షకురాలికి ఫోను చేసి గుసగుసగా సంగతి చెప్పాను. ఆవిడ నవ్వి, మళ్లీ నవ్వి, "మీ పెద్దలు నా సూక్ష్మజీవుల్ని నిద్రపుచ్చినట్టున్నారు. అంతా ఒంపేసి మళ్లీ మొదలుపెట్టు," అన్నారు. ఆవిడ ఇప్పుడు ప్రసూతి సెలవులో ఉన్నారు గానీ, అంతగా నవ్విన మనిషి మరిచిపోయి ఉండరు. దయచేసి విచారించగలరు.

ఒంపేయడం సులువు కాదు. పెద్దలిచ్చినది పారబోస్తే అవమానం. నేను పీపా చుట్టూ తిరుగుతుంటే మా అత్తగారు చూసి, "అరటి చెట్లకు పోయవే పిచ్చిదానా. అవి మాత్రం అతిథులు కావా?" అన్నారు. అట్లే చేసితిని. తర్వాత పీపాను బాగా కడిగి, కొత్త బురద మరిగించి, కొత్త గుజ్జు వేసితిని. అనగా, తనిఖీ నాటికి పీపాలో యంగోనా చుక్క కూడా లేదు. తమరు గమనించవలసిన ముఖ్యాంశము ఇది.

4. పీపా పనిచేయుట. రెండోసారి జీవులు లేచాయి. పుల్లటి కంపు వచ్చింది. చంటిపిల్ల పాలు కక్కినట్టు ఉంటుంది. పులుపు మరీ ఎక్కువైతే అవి పనిమానేస్తాయి కనుక గవ్వల సున్నం కొద్దికొద్దిగా కలుపుతూ వచ్చాను. గ్యాసు సున్నపు తేట సీసాలో బుడగలుగా వచ్చి, దాన్ని దాటుకొని లారీ ట్యూబులో చేరింది. ట్యూబు ఉబ్బింది. నేనూ ఉబ్బిపోయి, పొయ్యి వెలిగించాను. మంట కనబడలేదు. వెలగలేదనుకొని వంగి చూశాను.

హైడ్రోజన్ మంట ఎండలో కంటికి ఆనదని శిక్షణలో చెప్పే ఉన్నారు. ఆ భాగం చెప్పేటప్పుడు నేను సిగ్గుతో తల వంచుకొని ఉన్నాను. నా ఎడమ కనుబొమ ఇంకా పూర్తిగా మొలవలేదు. సాక్ష్యముగా చూపించగలను.

అప్పటినుంచి చిటికెడు ఉప్పు చల్లి చూస్తున్నాను. మంట పసుపుపచ్చగా కనబడుతుంది. ఆ పొయ్యి మీదనే కర్రపెండలం ఉడుకుతోంది, చేపల పులుసు కాగుతోంది. మా అత్తగారు మొదటిసారి చూసి, "ఇన్నాళ్లకు నీకు తగిన పొయ్యి దొరికిందే. మండుతుంది గానీ ఎవరికీ కనబడదు," అన్నారు. తిట్టారో మెచ్చుకున్నారో నాకు నేటికీ తెలియదు.

5. తనిఖీ. తమ ఇన్స్పెక్టరు రవినేశ్ గారు మిట్టమధ్యాహ్నం వచ్చారు. ఎండలో పొయ్యి వెలిగింపజేసి, వంగి చూడబోయారు. నేను గబుక్కున చేయి అడ్డం పెట్టాను. వారు దాన్ని తనిఖీకి ఆటంకము కలిగించుటగా వ్రాసుకున్నారు. వారి కనుబొమలు రెండూ క్షేమముగా ఉన్నందుకు నాకు సంతోషమే. "మంట లేదు" అని కూడా వ్రాసుకున్నారు. ఉప్పు వంటింట్లో ఉంది. వంటింటి గుమ్మానికి అడ్డంగా మామగారు నిలబడి ఉన్నారు.

ఆ తర్వాత వారిని లోపల కూర్చోబెట్టి యంగోనా కలిపారు. మా ఆయన ఆ పొద్దున కాయలు తీసుకొని ప్యాకింగ్ షెడ్డుకు పోయి ఉన్నారు. ఇంటి యజమాని ఏడీ అని ఇన్స్పెక్టరు గారు అడిగారు. జవాబు చెప్పినది తానియెలా. మా ఆయనకు మేనత్త కొడుకు, వరసకు బావ.

"మా బావా? ఇంకెక్కడుంటాడు సార్, పీపా కిందే. పొద్దున్నే రెండు చిప్పలు పట్టించి పడుకున్నాడు. ఈ లోయ మొత్తం మీద ఇంత నిఖార్సైన సారా దొరకదు. మేం ఆస్ట్రేలియాకు పంపేది బొప్పాయనుకుంటున్నారా ఏంటి?"

ఇల్లంతా గొల్లున నవ్వింది. ఇన్స్పెక్టరు గారూ నవ్వారు. నవ్వింది వారి నోరు మాత్రమే, కలం నవ్వలేదు.

అయ్యా, బావలు ఒకరినొకరు ఆడిపోసుకోకపోతే ప్రేమ తగ్గిందని లెక్క. ఇదే తానియెలా ఇంతకు ముందు మా ఆయన చనిపోయాడని పై ఊళ్లో చెప్పివచ్చాడు. అక్కడివాళ్లు పాపం ఏడ్చుకుంటూ, చావింటికి ఇచ్చే చాపలు పట్టుకొని వచ్చారు. మా ఆయన గుమ్మంలో కూర్చొని పెండలం తింటున్నారు. ఇన్స్పెక్టరు గారు పట్నంలో పెరిగినవారు, ఈ సరసం వారికి కొత్త. వారిని తప్పుపట్టడం లేదు. తానియెలా మాటను సాక్ష్యముగా తీసుకొనేటట్లయితే, ముందు మా ఆయన మరణాన్ని కూడా నమోదు చేయవలసి ఉంటుందని మాత్రమే మనవి.

6. నా మౌనము. అసలు ఫిర్యాదు ఇదే, కాబట్టి కొంచెం పొడుగ్గా వ్రాయుచున్నాను.

ఇన్స్పెక్టరు గారు నా వైపు తిరిగి, "అమ్మా, ఈ పీపాలో మత్తు కలిగించేది ఏదైనా ఎప్పుడైనా పోశారా? అవునా, కాదా?" అని అడిగారు.

మామగారు గొంతు సవరించుకున్నారు.

"మీరు కాదండీ పెద్దాయనా. యంత్రం చూసుకునే మనిషే చెప్పాలి," అన్నారు ఇన్స్పెక్టరు గారు.

ఇప్పుడు నా పరిస్థితి చిత్తగించండి. కాదంటే అబద్ధం. అవునంటే, పోసినది మామగారు. వారు ఎదురుగా కూర్చొని ఉండగా వారి చేతి చిప్పను నేను నేరంగా చెప్పాలి. అసలు వారున్న చోట నేను పెదవి కదపడమే తప్పు. వారు లేచి బయటికి పోదామన్నా, యంగోనా గిన్నె తిరుగుతుండగా పెద్దలు లేవకూడదు. నేను లేచి పోదామన్నా, అడుగుతున్నది ప్రభుత్వం. కనుక నేను చాప వైపు చూశాను. మామగారు చూరు వైపు చూశారు. ఇన్స్పెక్టరు గారు "జవాబు చెప్పలేదు" అని వ్రాసుకొని, దాని పక్కన ఇంకేదో కూడా వ్రాసుకున్నారు. నోటీసులో చూస్తే అది "ఒప్పుకున్నది" అని ఉన్నది.

మౌనం అర్ధాంగీకారం అంటారు. పూర్తి అంగీకారమని ఎవరూ అనరు. నా విషయంలో ఆ అర్ధం కూడా ఎక్కువే. మా పెళ్లిలో, ఇసిమెలిని భర్తగా స్వీకరిస్తావా అని పాస్టరు గారు అడిగినప్పుడు కూడా నేను ఇలాగే చాప వైపు చూశాను. వారు ఒప్పుకున్నదని వ్రాసుకోలేదు. మళ్లీ అడిగారు. ఇంకోసారి అడిగారు. "అమ్మాయ్, వంట చల్లారిపోతోంది," అన్నారు. అప్పుడు ఊపిరి తీసినంత మెల్లగా ఊఁ అన్నాను. ఇంకెంతమాత్రమూ ఎదురుచూడలేని ఆకలి వేళలో కూడా దేవుని మనిషి నా నోటి మాట కోసం ఆగారు. ప్రభుత్వము వారు కూడా ఇంకొక్కసారి అడిగి చూడవచ్చునని నా అభిప్రాయము.

ఆ సాయంత్రం మా ఆయన తిరిగి వచ్చి అంతా విన్నారు.

"నువ్వేం చెప్పావు?"

"ఏమీ చెప్పలేదు."

"ఏమీనా?"

"చాప మీద గళ్లు లెక్కపెట్టాను."

"మరి గళ్లెన్నని అడిగినా బాగుండేది," అన్నారు ఆయన. కోపం వస్తే ఆయన అంతకు మించి అనరు.

7. సారా కాదనుటకు రుజువు. నోటీసు వచ్చి ఊరందరి ముందు చదివిన రోజు తానియెలా ముఖం మాడిపోయింది. యంగోనా వేరు కట్ట పట్టుకొని మా గుమ్మంలో తల వంచుకొని కూర్చున్నాడు.

"బావా, నోరు జారింది. తప్పైపోయింది. ఏం చేయమంటే అది చేస్తాను."

"ఏం లేదు బావా. నువ్వు అంతగా పొగిడావు కదా, ఆ నిఖార్సైన సారా ఒక్క చిప్ప తాగు," అన్నారు మా ఆయన.

ఊరి పెద్ద ఎదుట, మహిళా సంఘం ఎదుట నేనే పీపా కింది కుళాయి తిప్పి చిప్ప నింపాను. తానియెలా గుటక వేశాడు. కళ్లు పెద్దవయ్యాయి. పరుగెత్తి అరటి చెట్ల వెనక్కి పోయాడు. చాలాసేపటికి తిరిగి వచ్చి, "బావా, ఇది సారా అయితే ఈ రోజుతో నేను తాగుడు మానేసినట్టే," అన్నాడు.

"మరైతే ఇది సారా అనే చెప్పండి, వాడి పెళ్లానికి పుణ్యం ఉంటుంది," అన్నారు మా అత్తగారు.

కావలసినచో తమరు కూడా రుచి చూడవచ్చును. వద్దని నా సలహా.

8. పీపా పోయినచో కలుగు నష్టము. ప్యాకింగ్ షెడ్డువారు మచ్చ ఉన్నదని, వంకర ఉన్నదని, మరీ పండినదని తిరగ్గొట్టిన బొప్పాయి ఇంతకు మునుపు చెట్ల కిందే కుప్పలు పడి కుళ్లేది. అందులో పండు ఈగ గుడ్లు పెట్టేది, ఆ ఈగే మంచి కాయల్లో దూరేది, మళ్లీ షెడ్డువారు తిరగ్గొట్టేవారు. ఇప్పుడు కుప్పలు లేవు. ఈగ తగ్గింది. ఇది ఊరి నష్టము. దీన్ని మగవాళ్లు వేరే అర్జీలో వ్రాస్తామన్నారు. అది ఎప్పటికి వ్రాస్తారో, ఎన్ని గిన్నెల యంగోనా అయినాక వ్రాస్తారో నాకు తెలియదు.

నా నష్టము వేరు. అది వ్రాయవచ్చునో లేదో పాస్టరు గారి భార్యను అడగలేదు.

నేను యసావా దీవుల నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చాను. ఇక్కడ నా యాసకు నవ్వుతారని నోరు మూసుకున్నాను. మూసుకున్న కొద్దీ, నోరు లేనిదని పేరు వచ్చింది. పేరు వచ్చాక ఇక ఎవరూ ఏమీ అడగలేదు. పీపా వచ్చినాక పొద్దున్నే ఆడవాళ్లు చెడిపోయిన కాయలు బుట్టల్లో తెచ్చి, ముక్కు మూసుకొని అక్కడే కూర్చుంటున్నారు.

"ఏమే, ఇవాళ నీ బిడ్డలు తిన్నారా?"

"పులుపెక్కువైంది, సున్నం వేస్తున్నా."

"ఎందుకే సున్నం?"

ఎందుకో చెప్పాలి కదా. చెప్తాను. ఇంకోటి అడుగుతారు. అదీ చెప్తాను. నా యాసకు నవ్వుతారు. నవ్విన తర్వాత కూడా వింటున్నారు. అదివరకు నేను ఇసిమెలి భార్యను. ఇప్పుడు 'పీపా పిల్ల' అంటున్నారు. గొప్ప పేరేమీ కాదు, వాసన కూడా వేస్తుంది. అయినా ఈ ఊళ్లో నాకంటూ ఉన్నది ఆ పేరు ఒక్కటే. పీపా వెళ్లిపోతే నాకు మాట్లాడే విషయం వెళ్లిపోతుంది. ఆ కుప్పలు మళ్లీ పడతాయి, నేను మళ్లీ చాప వైపు చూస్తాను.

కావున తమరు దయతలచి:

జప్తు నోటీసును రద్దుచేసి, శుక్రవారం లారీని నిలుపుదల చేయవలెను.

ఇంకొక తనిఖీని పొద్దు వాలిన తర్వాత జరిపించవలెను. ఉప్పు నేనే సిద్ధముగా ఉంచెదను. మంట కనబడుతుంది.

"ఒప్పుకున్నది" అన్న మాటను కొట్టివేసి "ఇంకా చెప్పవలసి ఉన్నది" అని దిద్దవలెను.

లారీ రాకముందే, అనగా గురువారం ఉదయం బస్సుకు నేను స్వయముగా తమ కార్యాలయమునకు వచ్చి ఈ అర్జీ ఇచ్చెదను. అక్కడ తమరు ఆ ప్రశ్న మళ్లీ అడిగినచో నోటితో జవాబు చెప్పెదను. మామగారు లేని గదిలో నాకు నోరు ఉన్నదని హామీ ఇస్తున్నాను.

ఇందులోని పొడవును, కాగితానికి అంటిన వాసనను మన్నించి, ఈ మనవిని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
వాసెమాధా
(ఇసిమెలి భార్య, నావునివి మహిళా సంఘము)

నేను బతికే ఉన్నాను: ఇసిమెలి (సంతకం)

ఇంకొక మాట. అర్జీ మడత పెట్టిన తర్వాత సంగతంతా మారిపోయింది. ఇందాక మామగారు బయట అరుగు మీద కూర్చొని, లోపల నాకు వినబడేటట్టు అత్తగారితో అన్నారు:

"కోడలు ఒక్కత్తే వెళ్తుందట. ఆ ఆఫీసులో దాని తరఫున మాట్లాడేదెవరు? ఊరి తరఫున మాట్లాడేది నేనే కదా. ఆ చిప్ప పోసిందీ నేనే. నేనూ వెళ్తాను. ఆ అధికారి ముందే చెప్తాను."

"ఏమండీ, మీరు వస్తే అది..." అన్నారు అత్తగారు.

"భయపడొద్దని చెప్పు. నేను పక్కనే కూర్చుంటానని చెప్పు."

నేను ఈ ఊరికి వచ్చాక మామగారు నా కోసం అన్న మొదటి మాటలు అవి. రావద్దని చెప్పడానికి నాకు మనసు రాలేదు. మనసు వచ్చినా చెప్పే వీలు లేదు. ఇప్పటికే చొక్కా ఉతికి ఆరేశారు, తమకు ఇవ్వడానికి మంచి యంగోనా వేరు కట్ట ఎంచుతున్నారు.

కాబట్టి గురువారం నాడు మామగారు నా పక్కనే కూర్చుంటారు, తమరు అడుగుతారు, నేను తమ ఆఫీసు నేల వైపు చూస్తాను. అది కూడా ఒప్పుకోలు అని వ్రాసుకోకండి సార్. ముందు వారి ప్రసంగం పూర్తిగా వినండి. మా నది ఎక్కడ పుట్టిందో అక్కడి నుంచి మొదలుపెడతారు, మధ్యలో ఆపితే మళ్లీ కొండ మీదికి పోతారు. అయ్యాక చప్పట్లు చరిచి, ఎలాగో ఒకలాగా వారిని టీ తాగడానికి పక్క గదికి పంపండి. తలుపు వేయండి. నేను చెప్పేస్తాను. ఒక్క కప్పు టీ తాగేంత సేపు చాలు. కప్పు కొంచెం పెద్దది ఇప్పించండి.